మా అమ్మాయికి ఈ సోషల్ పాలసీ ఎందుకు?

ప్రశ్న: మేం 2006 నుంచి ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. నేను ఆసుపత్రిలో నర్సుని, మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తల వంచుకుని మా పని మేం చేసుకుంటూ ఇల్లు కొనుక్కున్నాం, ఇక్కడి పౌరసత్వం తీసుకున్నాం. మా అమ్మాయి ఇయర్ 13లో, అంటే స్కూల్లో ఆఖరి ఏడాదిలో ఉంది. మ్యాథ్స్ బాగా చేస్తుంది. కంప్యూటర్ సైన్స్‌కి ఆఫర్ వచ్చినా కాదని సోషల్ పాలసీ చదువుతానంటోంది. జాతి సమానత్వం, శరణార్థులు, పేదవాళ్లకు ఇళ్లు, వీటి మీద ప్రభుత్వం చేసే విధానాల్లో పనిచేస్తుందట. డిగ్రీ అవగానే పేరున్న చోట పబ్లిక్ పాలసీలో మాస్టర్స్ కూడా చేస్తుందట. ఏ పనీ చేయకుండా కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) ఇచ్చే ఇళ్లలో కూర్చుని తినేవాళ్ల కోసం మా పిల్ల చదువంతా ధారపోయాలా? కనీసం లా చదవమని బతిమాలుతున్నాం. ఈ రెండిట్లో ఏది మేలు? అసలు ఉద్యోగం వస్తుందా? ఇంట్లో రోజూ గొడవే. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, లా మేలా, సోషల్ పాలసీ మేలా అన్నది తప్పకుండా చెప్తాను. ముందు ఇంకో మాట. విదేశంలో స్థిరపడిన తల్లిదండ్రుల నుంచి ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. పిల్లలు ఎంచుకున్న కోర్సు పేరు మారుతుంది గానీ లోపలి భయం ఒకటే. ఇన్నేళ్లూ ఎవరి కంటా పడకుండా, ఎవరితోనూ మాట పడకుండా బతికాం, ఇప్పుడీ పిల్ల వెళ్లి జనం గొడవపడే విషయాల మధ్యలో నిలబడితే ఏమవుతుందోనని. 2024 ఆగస్టులో రాథర్‌హామ్‌లో, టామ్‌వర్త్‌లో ఆశ్రయం కోరి వచ్చినవాళ్లు ఉంటున్న హోటళ్ల మీద మూకలు దాడి చేశాయి. ఆ వారమంతా మీలాంటి వాళ్లు నైట్ డ్యూటీకి వెళ్లడానికి ఎంత భయపడి ఉంటారో ఊహించగలను. ఆ భయాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ భయాన్ని అమ్మాయి చదువు మీదకు మళ్లించడం న్యాయం కాదు.

మీరు కోప్పడినా సరే, ఒక విషయం గట్టిగానే చెప్తాను. మీరు తల వంచుకుని పని చేసుకోగలిగారంటే, మీకంటే ముందు వచ్చినవాళ్లు కొందరు తల ఎత్తి అడిగారు కాబట్టే. 1963లో బ్రిస్టల్‌లో బస్సు కంపెనీ నల్లవాళ్లను, ఆసియావాళ్లను బస్సుల మీద పనికి తీసుకునేది కాదు. అప్పటికి అది చట్ట ప్రకారం తప్పు కూడా కాదు. జనం నెలల తరబడి ఆ బస్సులు ఎక్కడం మానేశాక కంపెనీ దిగొచ్చింది. ఆ తర్వాత అక్కడ చేరిన మొదటి తెల్లవాడు కాని కండక్టర్ రఘుబీర్ సింగ్ అనే సిక్కు. 1965లో వచ్చిన మొదటి జాతి సంబంధాల చట్టం హోటళ్లు, సినిమా హాళ్ల లాంటి బహిరంగ స్థలాల దగ్గరే ఆగిపోయింది. రంగు చూసి ఇల్లు అద్దెకివ్వనన్నా, ఉద్యోగం ఇవ్వనన్నా అడిగే దిక్కు 1968 చట్టం దాకా లేదు. ఇప్పుడు మీ ఆసుపత్రికి వర్తించే 2010 సమానత్వ చట్టం ఆ వరసలో వచ్చిందే. మీ అమ్మాయి చదువుతానంటున్న సబ్జెక్టు ఇదే. మీ ఇంటికి దూరపు సంగతి కాదు.

ఇక ‘కూర్చుని తినేవాళ్లు’ అన్న మాట. అమ్మా, ఆ మాట మీరు రాయకుండా ఉంటే బాగుండేది. ఆశ్రయం కోరుతూ దరఖాస్తు పెట్టుకున్న మనిషికి బ్రిటన్‌లో మామూలుగా పని చేసే హక్కు ఉండదు. తన తప్పేమీ లేకుండా 12 నెలలు దాటినా నిర్ణయం రాకపోతే అప్పుడు అనుమతి అడగొచ్చు. అది దొరికినా ప్రభుత్వం గుర్తించిన కొన్ని ఉద్యోగాలకే. కౌన్సిల్ ఇంటికి దరఖాస్తు పెట్టే హక్కూ వాళ్లకు లేదు. 1999 చట్టం ప్రకారం హోమ్ ఆఫీస్ (వలసల సంగతి చూసే ప్రభుత్వ శాఖ) ఏ ఊళ్లో గది చూపిస్తే ఆ ఊళ్లోనే ఉండాలి. ఖాళీగా కూర్చోబెట్టింది నిబంధన, తిట్లు పడేది మనిషికి. మీ అమ్మాయికి ఈ తేడా తెలుసు కాబట్టే మీతో వాదిస్తోందేమో, ఒకసారి ఆలోచించండి.

మన దేశం నుంచి వెళ్లినవాళ్ల సంగతే చూడండి. 1972లో ఉగాండా పాలకుడు ఈదీ అమీన్ ఆ దేశం నుంచి ఆసియావాళ్లను వెళ్లగొట్టినప్పుడు 27 వేల మందికి పైగా బ్రిటన్ చేరారు. వాళ్లలో ఎక్కువ మంది గుజరాతీ మూలాలవాళ్లు. ఇక్కడ ఇళ్లు లేవు, బళ్లలో చోటు లేదు, మా ఊరికి రావద్దని లెస్టర్ నగర కౌన్సిల్ ఉగాండా పేపర్లో ప్రకటన ఇచ్చింది. వాళ్లు అయినా వచ్చారు, ఆ ఊళ్లోనే షాపులు పెట్టారు, ఫ్యాక్టరీల్లో పనిచేశారు. అప్పుడు వాళ్ల గురించి అన్న మాటలే ఇప్పుడు మీ ఉత్తరంలో కనిపించాయి. అందుకే ఇంత గట్టిగా చెప్పాల్సొచ్చింది.

సరే, కోర్సు సంగతికొద్దాం. జాతి సమానత్వం, శరణార్థులు, ఇళ్లు మూడు వేర్వేరు విషయాల్లా కనిపిస్తాయి. ప్రభుత్వ ఆఫీసులో కూర్చుంటే మూడూ ఒకే ఫైలులోకి వస్తాయి. ఇంగ్లండ్‌లో ‘రైట్ టు రెంట్’ అని ఒక నిబంధన ఉంది. 2014 ఇమిగ్రేషన్ చట్టంతో వచ్చింది, 2016 నుంచి ఇంగ్లండ్ అంతా అమలవుతోంది. అద్దెకిచ్చే ముందు ఇంటి ఓనరే అద్దెకొచ్చేవాళ్ల కాగితాలు తనిఖీ చేయాలి, లేకపోతే జరిమానా. చదవడానికి ఇందులో జాతి ప్రస్తావనే లేదు. కానీ కొందరు ఓనర్లు ఈ తలనొప్పి ఎందుకని విదేశీ పేరు, యాస ఉన్నవాళ్లకు, బ్రిటిష్ పాస్‌పోర్టు చేతిలో లేనివాళ్లకు ఇల్లివ్వడమే మానేశారు. ఈ నిబంధన వల్ల వివక్ష జరుగుతోందని 2019లో హైకోర్టు చెప్పింది. 2020లో అప్పీలు కోర్టు కూడా వివక్ష జరుగుతోందని ఒప్పుకుంది, అయినా నిబంధన చట్టబద్ధమేనని నిలబెట్టింది. వలసల కోసం చేసిన విధానం ఇళ్ల దగ్గర జాతి వివక్షగా మారడం అంటే ఇది. దీన్ని ముందే పసిగట్టగలవాళ్లు ఆఫీసులో ఉండాలి.

ఇంకోటి చెప్తాను. ఎవరికైనా శరణార్థి హోదా వచ్చిందంటే పండగ చేసుకోవాలి కదా? కానీ హోదా వచ్చిన వెంటనే హోమ్ ఆఫీస్ ఇచ్చిన గది, భత్యం ఆపేసే గడువు మొదలవుతుంది. చాలా ఏళ్లు అది 28 రోజులే. 2024 డిసెంబరులో ప్రయోగంగా 56 రోజులు చేశారు, ఆ తర్వాత మళ్లీ మార్చారు. ఆ కొద్ది రోజుల్లో బ్యాంకు ఖాతా, ఉద్యోగం, అడ్వాన్సు, అద్దె ఇల్లు అన్నీ కుదరాలి. కుదరనివాళ్లు ఇల్లు లేనివాళ్లుగా కౌన్సిల్ తలుపు తడతారు. 2017 చట్టం ప్రకారం కౌన్సిల్ సాయం చేయాలి. చేయడానికి చేతిలో ఇళ్లేవి? 1980 నుంచి అద్దెకున్నవాళ్లే కొనుక్కునే ‘రైట్ టు బై’ పథకం కింద అమ్మేసిన కౌన్సిల్ ఇళ్లకు సరిపడా కొత్తవి కట్టలేదు. ‘అఫర్డబుల్ రెంట్’ పేరుతో కట్టినవాటికి మార్కెట్ అద్దెలో 80 శాతం దాకా వసూలు చేయొచ్చు. లండన్ లాంటి చోట అంత అద్దె కట్టగల పేద కుటుంబం ఎక్కడుంది? ఒక ప్రభుత్వ శాఖ గడువు పెట్టి పంపేస్తే, ఆ బరువు ఇంకో ఆఫీసు మీద పడుతుంది. ఈ ముడి విప్పే పని మీద మనసు పడ్డ పిల్లను తప్పుదారి పట్టిందని నేను అనలేను.

కానీ అమ్మాయికి కూడా ఒక మాట చెప్పాలి. డిగ్రీ అవగానే పబ్లిక్ పాలసీ మాస్టర్స్ అంటోందే, దాని మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. ఈ మధ్య అది ఫ్యాషన్ అయిపోయింది. పెద్ద యూనివర్సిటీ పేరు, ఏడాదిలో పూర్తి, ఆ తర్వాత నేరుగా మంత్రులకు సలహా ఇవ్వడమే అన్నట్టు బ్రోషర్లు ఉంటాయి. కొన్నేళ్లు ఏదో ఆఫీసులో పనిచేసి, ఒక పథకం కాగితం మీద ఎలా ఉంది, కౌంటరు దగ్గరికొచ్చేసరికి ఎలా మారింది అని చూసినవాళ్లకు ఆ కోర్సు బాగా ఉపయోగపడుతుంది. క్లాసులో వాళ్లు తమ అనుభవంతో మాట్లాడతారు. 21 ఏళ్లకే వెళ్లిన పిల్లలు వాళ్ల మాటలు నోట్సు రాసుకుని వస్తారు, ఫీజు మాత్రం అంతే కడతారు. చివరికి థింక్ ట్యాంకుల్లో, అంటే విధానాల మీద నివేదికలు రాసే సంస్థల్లో ఉన్న కొద్ది ఉద్యోగాలకు అందరూ పోటీ పడతారు. వాటిలో చాలా వరకు లండన్‌లోనే ఉంటాయి, మొదట్లో జీతాలు తక్కువ. ఇల్లు లేనివాళ్ల దరఖాస్తు ఒక్కటి కూడా దగ్గరుండి చూడకుండా ఇళ్ల విధానం మీద నివేదికలు రాసేవాళ్లను నేను చాలామందిని చూశాను. భాష నున్నగా ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. మీ అమ్మాయి అలా తయారు కాకూడదు. ముందు ఏ కౌన్సిల్‌లోనో హౌసింగ్ విభాగంలో రెండు మూడేళ్లు పనిచేయనివ్వండి. ఆ తర్వాత తనకే కావాలనిపిస్తే మాస్టర్స్ ఎక్కడికీ పోదు.

ఇంకో అనుమానం కూడా ఉంది, ఇది తనే తేల్చుకోవాలి. ప్రభుత్వంలో చేరితే, అప్పుడు అధికారంలో ఉన్నవాళ్ల విధానమే అమలు చేయాలి. ఆశ్రయం కోరి వచ్చినవాళ్లను రువాండా పంపాలన్న పథకాన్ని 2022లో ప్రకటించారు, 2023లో సుప్రీంకోర్టు అది చట్టవిరుద్ధమంది, 2024లో కొత్త ప్రభుత్వం రద్దు చేసింది. ఆ రెండేళ్లూ దాని మీద ఫైళ్లు రాసిన ఉద్యోగులున్నారు. వాళ్లలో దాన్ని మనసారా నమ్మనివాళ్లూ ఉండే ఉంటారు. నచ్చని పని కూడా నిజాయితీగా చేసి, లోపల ఉండి కొంచెమైనా మార్చగలనని అనుకునేవాళ్లకు సివిల్ సర్వీస్ సరిపోతుంది. అలా ఉండలేనంటే రెఫ్యూజీ కౌన్సిల్, షెల్టర్, రన్నీమీడ్ ట్రస్ట్ లాంటి స్వచ్ఛంద సంస్థలున్నాయి. అక్కడ గొంతు విప్పి మాట్లాడొచ్చు, అయితే నిధులు ఎప్పుడు ఆగుతాయో తెలియదు. ఏది ఎంచుకున్నా తనకు తెలిసి ఎంచుకోవాలి.

ఇప్పుడు మీరడిగిన లా. నిజానికి ఇది మీరు అనుకున్నంత పెద్ద ప్రశ్న కాదు. సొలిసిటర్, అంటే కేసులు చూసే లాయరు కావడానికి లా డిగ్రీయే ఉండాలని లేదు. 2021 నుంచి వచ్చిన పద్ధతిలో ఏ డిగ్రీ ఉన్నవాళ్లయినా ఎస్‌క్యూఈ అనే అర్హత పరీక్షలు రాసి, రెండేళ్ల పని అనుభవం చూపించి సొలిసిటర్ కావొచ్చు. ఆ అనుభవం లా సెంటర్‌లోనో, న్యాయ సలహా ఇచ్చే స్వచ్ఛంద సంస్థలోనో కూడా సంపాదించొచ్చు. అందువల్ల సోషల్ పాలసీ చదివితే ఆ తలుపు మూసుకుపోదు. ఎదురుగా ఒక్కో శరణార్థిని కూర్చోబెట్టుకుని వాళ్ల కేసు గెలిపించాలని ఉంటే లా మేలు. ఆ కేసులు ఎందుకు పుడుతున్నాయో చూసి నిబంధనలు మార్చాలని ఉంటే సోషల్ పాలసీ. మీ ఉత్తరాన్ని బట్టి మీ అమ్మాయిది రెండోదే అనిపిస్తోంది. అయినా తననే అడగండి, నా ఊహ మీద నిర్ణయం తీసుకోకండి.

ఉద్యోగం గురించి బెంగ పెట్టుకోకండి. కౌన్సిళ్లు, తక్కువ అద్దెకు ఇళ్లిచ్చే హౌసింగ్ అసోసియేషన్లు, హోమ్ ఆఫీస్, ప్రభుత్వ ఆసుపత్రులు నడిపే ఎన్‌హెచ్‌ఎస్ ట్రస్టులు, స్వచ్ఛంద సంస్థలు అన్నిటికీ ఇలాంటివాళ్లు కావాలి. 2010 చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా తన నిర్ణయాలు సమానత్వం మీద ఏ ప్రభావం చూపుతాయో ఆలోచించి తీరాలి. ఆ పని చేసేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అనే కౌన్సిల్ ఫ్లాట్ల భవనం 2017లో తగలబడి 72 మంది చనిపోయాక సోషల్ హౌసింగ్ నడిపేవాళ్ల మీద నియంత్రణ పెరిగింది, 2023 చట్టం సోషల్ హౌసింగ్ సీనియర్ మేనేజర్లకు అర్హతలు తప్పనిసరి చేయడానికి దారి వేసింది. సాఫ్ట్‌వేర్ జీతం రాదు, ఆ మాట దాచను. కౌన్సిల్ ఉద్యోగంలో మంచి పెన్షన్ ఉంటుంది. ఫీజు అప్పు గురించి కూడా కంగారు పడకండి. ఇంగ్లండ్‌లో ఇప్పుడు చేరేవాళ్లు ఏడాదికి 25 వేల పౌండ్ల పైన సంపాదించిన భాగంలో 9 శాతమే కడతారు, ఉద్యోగం లేకపోతే కట్టక్కర్లేదు.

మ్యాథ్స్ బాగా చేస్తుందన్నారు కదా, అది వృథా పోదు, నా మాట నమ్మండి. ఏ జాతివాళ్లు ఎలాంటి ఇళ్లలో ఉంటున్నారు, ఎవరు ఎక్కువగా ఇల్లు కోల్పోతున్నారు అన్నది లెక్కలతో చూపించగలిగినవాళ్ల మాటే ఆఫీసులో చెల్లుతుంది. బ్రిటిష్ ప్రభుత్వం 2017 నుంచి జాతుల వారీ గణాంకాలను ఒక వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో పెట్టింది. వాటిని చదివి అర్థం చెప్పగలిగేవాళ్ల కోసం సివిల్ సర్వీస్‌లో ప్రభుత్వ సామాజిక పరిశోధన అని ప్రత్యేక విభాగమే ఉంది. అందుకని కోర్సు ఎంచుకునేటప్పుడు యూనివర్సిటీ పేరు కంటే ముందు రెండో, మూడో ఏళ్ల మాడ్యూళ్లు చూడండి. గణాంక పద్ధతులు గట్టిగా నేర్పుతున్నారా, హౌసింగ్, వలసల మీద విడిగా పేపర్లున్నాయా, ఏడాది ప్లేస్‌మెంట్ (చదువు మధ్యలో ఏదైనా ఆఫీసులో పనిచేసే ఏడాది) ఉందా అని చూడాలి. ఎల్‌ఎస్‌ఈ (లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్), బ్రిస్టల్, ఎడిన్‌బరా లాంటి చోట్ల ఈ సబ్జెక్టుకు పాత పేరుంది, అయినా ఆ పేజీలు తెరిచి చదవకుండా నిర్ణయించుకోకండి. ఎడిన్‌బరా అయితే నాలుగేళ్ల డిగ్రీ, ఆ లెక్క కూడా వేసుకోండి.

ఈ వేసవిలో ఖాళీగా ఉంచకండి. జనానికి ఉచితంగా సలహాలిచ్చే సంస్థ సిటిజన్స్ అడ్వైస్, దాని దగ్గర్లోని ఆఫీసులో వాలంటీరుగా చేరమనండి, వాళ్లే శిక్షణ ఇస్తారు. అద్దె కట్టలేక వచ్చినవాళ్లు, నోటీసు పట్టుకుని వచ్చినవాళ్లు అక్కడే కనిపిస్తారు. రెండు నెలలు ఆ బల్ల ముందు కూర్చున్నాక కూడా ఇదే చదువుతానంటే, మీరు ఇంకేం అడ్డు చెప్పకండి. వద్దనుకుంటే కంప్యూటర్ సైన్స్‌కి వచ్చే ఏడాది మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఒక్క ఏడాదితో జీవితం తలకిందులు కాదు. ఈ రెండు నెలలూ మీ ఇంట్లో కోర్సు గురించి మాట తీయకండి. సాయంత్రం ఇంటికొచ్చాక, ఈరోజు ఎవరొచ్చారు, ఏం అడిగారు అని మాత్రం అమ్మాయిని అడగండి.