'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్' అనే కౌబాయ్ సినిమా పావుగంటకే బోర్ కొట్టింది, ఇంకా చూడొచ్చా?

చూడండి, కానీ మళ్లీ మొదటి నుంచి. నాకూ మొదటిసారి ఇదే జరిగింది. హాస్టల్లో ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని, మొదట్లో వచ్చే రైల్వే స్టేషన్ సీన్ ఎంతకీ కదలట్లేదని స్పీడు పెంచి, అరగంటకు ఆపేశాను.

కొన్నేళ్లకు సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు నాన్నతో కలిసి టీవీలో చూశాను. 'మోసగాళ్ళకు మోసగాడు' రోజుల మనిషి ఆయన, కౌబాయ్ టోపీ కనబడితే చాలు కూర్చుంటారు. లైట్లు ఆపి, సౌండ్ బాగా పెంచాం. ఆ మొదటి సీన్లో మ్యూజిక్ ఉండదు. గాలిమర కిర్రుకిర్రుమంటుంది. ముగ్గురు తుపాకీలతో రైలు కోసం కాచుకుని ఉంటారు. ఒకడి టోపీ మీద నీటిచుక్కలు టప్‌టప్‌మని పడుతుంటాయి. ఇంకొకడు మొహం మీద వాలిన ఈగని తుపాకీ గొట్టంలో బంధించి, దాని రొద వింటుంటాడు. రైలొస్తుంది, ఎవరూ దిగరు. వాళ్లు వెనుదిరుగుతారు. రైలు కదిలిపోతుంటే పట్టాలకు అవతల మౌతార్గాన్ మోగుతుంది. నాకు ఒళ్లు జలదరించింది. అంతసేపూ మనల్ని కూడా కాచుకునేలా చేశారు కాబట్టే ఆ స్వరం అంతలా తగులుతుంది.

మన పగ కథల్లో జరిగిన అన్యాయాన్ని సాధారణంగా ముందే చూపిస్తారు. 1968లో ఈ సినిమా దర్శకుడు సెర్జియో లియోనే దాన్ని చివరిదాకా దాచాడు. ఆ మౌతార్గాన్ వాయించే చార్లెస్ బ్రాన్సన్ పాత్రకు పేరే లేదు. అతని జ్ఞాపకంలో ఒక మసక ఆకారం దూరం నుంచి నడిచొస్తుంటుంది, అంతే. అది రెండోసారి కనబడినప్పుడు నాన్న మెల్లగా అన్నారు: "వచ్చేవాడెవడో వీడికి తెలుసురా. మనకే తెలీదు."

విలన్ హెన్రీ ఫోండా. అన్నేళ్లు మంచివాడి వేషాలు వేసిన నటుడు. ఈ పాత్రకని గోధుమరంగు లెన్సులు పెట్టుకొస్తే లియోనే తీయించేశాడట, ఆ నీలికళ్లే కావాలని. ఎందుకో ఫోండా మొదటిసారి కనబడే సీన్లో మీకే తెలుస్తుంది. ఎన్నియో మొరికోనే సంగీతాన్ని షూటింగ్‌కి ముందే కట్టి, సెట్లో వినిపిస్తూ తీశారు. మనుషుల నడక కూడా ఆ లయలోనే సాగుతుంది.

అమెరికాలో మొదట కోతపెట్టి విడుదల చేశారు. మీరు మాత్రం సుమారు 165 నిమిషాల వెర్షన్ వెతుక్కోండి. ఫోన్లో వద్దు.

ఆ మౌతార్గాన్ బ్రాన్సన్ చేతికి ఎలా వచ్చిందో నేను చెప్పను. ఆ సీన్ అయ్యాక నాన్న ఏమీ మాట్లాడలేదు. రిమోట్ తీసుకుని వెనక్కి తిప్పి, ఇంకోసారి చూశారు.