చెక్క టేబుల్ మీద నీటి మరకలు ఎలా పోతాయి?

ముందు మరక రంగు చూడండి. తెల్లగా ఉంటే తేమ పైనున్న పాలిష్ పొరలోనే చిక్కుకుంది, చెక్కకేమీ కాలేదు. మరక మీద పొడి నూలుగుడ్డ పరిచి, ఇస్త్రీపెట్టెను అతి తక్కువ వేడిలో, ఆవిరి లేకుండా, కొద్ది సెకన్లు ఆనించి తీసేయండి. గుడ్డ ఎత్తి చూసుకుంటూ మళ్లీ చేయండి. తొందరపడి వేడి పెంచితే పాలిష్ పాడవుతుంది. వేడంటే టెన్షన్‌గా ఉంటే వాజిలైన్ రాసి రాత్రంతా వదిలేసి పొద్దున తుడవండి. టూత్‌పేస్ట్ చిట్కా మాత్రం నాకు నచ్చదు, మరకతోపాటు మెరుపునీ అరగదీస్తుంది.

నల్ల మరక సంగతి వేరు. నీళ్లు చెక్కలోకే దిగాయి. చెక్కలో సహజంగా ఉండే టానిన్లనే పదార్థాలు ఇనుముతో కలిస్తే అలా నల్లబడుతుంది. పాలిష్ గీకేసి ఆక్సాలిక్ ఆమ్లం ద్రావణం పూయాలి, శుభ్రంగా కడిగి ఆరాక మళ్లీ పాలిష్ వేయాలి. ఆ ఆమ్లం విషం కాబట్టి గ్లౌజులు తప్పనిసరి. ఖరీదైన సామానైతే పాలిష్ పనివాళ్లకే అప్పగించండి.