రిలే పవర్ పెంచే ముందు బ్యాక్‌హాల్ చూడు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఖాజాగూడ గుట్టల వెనక అపార్ట్‌మెంట్ల కోసం మీరు పెట్టిన రిలే నోడ్ (పెద్ద టవర్ సిగ్నల్ అందుకుని ఫోన్లకి అందించే చిన్న బాక్స్) గురించి నువ్వు రాసిందంతా చదివాను. నెట్ స్లోగా ఉందని కంప్లైంట్లు వస్తుంటే పవర్ ఫుల్‌గా పెట్టేయమని మీ పైవాళ్లు అంటున్నారు, నీకేమో మనసొప్పట్లేదు. నీ అనుమానమే కరెక్ట్. డోనర్ టవర్ (రిలేకి డేటా ఇచ్చే పెద్ద టవర్) నుంచి రిలేకి ఉన్న లింకే బ్యాక్‌హాల్. అందులో ఎంత వస్తే ఫోన్లకి అంతే వెళ్తుంది. రెండు అంచెల్లో ఏది సన్నగా ఉంటే జనానికి దక్కే స్పీడ్ అదే. బావిలో ఉంటేనే కదా బొక్కెనలోకి వచ్చేది.

నువ్వు పంపిన అంకెలతోనే లెక్క వేద్దాం. బ్యాండ్ 10 మెగాహెర్ట్జ్, పవర్ 1 వాట్. దగ్గరి బ్లాకుల్లో సిగ్నల్ నాయిస్‌కి 100 రెట్లు, అంటే 20 డీబీ (డెసిబెల్, ప్రతి 10 డీబీకి పది రెట్లు). షానన్ ఫార్ములా (సిగ్నల్‌ని బట్టి గరిష్ఠంగా ఎంత డేటా పంపొచ్చో చెప్పేది) ప్రకారం హెర్ట్జ్‌కి 6.66 బిట్లు, మొత్తం 66 ఎంబీపీఎస్ చిల్లర. బ్యాక్‌హాల్ ఇస్తున్నది 40. అంటే హెర్ట్జ్‌కి 4 బిట్లు వస్తే సరిపోయింది. దానికి సిగ్నల్ 15 రెట్లుంటే చాలు. 100 ఎక్కడ, 15 ఎక్కడ! 1 వాట్‌తో జరుగుతున్న పని 0.15 వాట్‌తో అయిపోతుంది. అసలు రేడియోలో ఫార్ములా చెప్పినంత రాదు, ఫేడింగ్ (సిగ్నల్ పెరుగుతూ తగ్గుతూ ఉండటం) ఉంటుంది, కాబట్టి 3 డీబీ, అంటే రెట్టింపు, చేతిలో ఉంచుకో. అప్పుడు కూడా 0.3 వాట్ సరిపోతుంది.

మిగతా పవర్ ఊరికే పోతే బాధ లేదు. పక్క సెల్‌లో ఉన్నవాళ్ల నెత్తిన పడుతుంది. వాళ్ల ఫోన్లకి ఇంటర్‌ఫియరెన్స్ పెరిగి స్పీడ్ పడిపోతుంది, ఆ సైట్ చూసేవాళ్లు తమ పవర్ పెంచుతారు, అది తిరిగి నీ మీదికే వస్తుంది. నన్నడిగితే పవర్ తగ్గించడానికి అసలు కారణం ఇదే. కరెంటు ఆదా గురించి పైవాళ్లకి పెద్దగా ఆశ పెట్టకు. చిన్న నోడ్‌లో రేడియో బయటికి పంపే పవర్ కంటే, బాక్స్ ఆన్‌లో ఉన్నందుకే అయ్యే ఖర్చు ఎక్కువ.

ఎంత తగ్గించాలో రిలే బఫరే (పంపాల్సిన డేటా వేచి ఉండే చోటు) చెప్తుంది. డౌన్‌లింక్‌లో, అంటే టవర్ నుంచి ఫోన్ల వైపు, బఫర్ ఎప్పుడు చూసినా ఖాళీగా ఉండి, బ్యాక్‌హాల్ మాత్రం నిండా నడుస్తుంటే, ఫోన్ల వైపు పవర్ ఎక్కువైనట్టు. బఫర్ పేరుకుపోతుంటే ఫోన్ల వైపు చాలట్లేదని అర్థం, పెంచు. బఫర్‌తో పాటు బ్యాక్‌హాల్ కూడా ఖాళీగా ఉంటే ట్రాఫిక్ లేదన్నమాట, అప్పుడు ఏ నిర్ణయమూ తీసుకోకు. అప్‌లింక్‌లో, అంటే ఫోన్ల నుంచి టవర్ వైపు, ఇదంతా తలకిందులు. అక్కడ బఫర్ నిండుతోందంటే బ్యాక్‌హాల్ మోయలేకపోతోందని. ఫోన్లకిచ్చే పవర్ టార్గెట్ కాస్త దించితే జనానికి బ్యాటరీ కూడా మిగులుతుంది.

రిఫరెన్స్ సిగ్నల్ (ఫోన్లు సెల్‌ని గుర్తుపట్టి, దాని బలం కొలిచే సిగ్నల్) జోలికి మాత్రం వెళ్లకు. దాన్ని తగ్గిస్తే కవరేజే కుంచించుకుపోతుంది, చివరి బ్లాకుల వాళ్లు గుట్ట అవతలి బలహీనమైన సెల్ పట్టుకుని అల్లాడతారు. తగ్గించాల్సింది డేటా ఛానల్‌ని. ఎల్‌టీఈలో (4జీలో) అందుకే పీ-ఏ సెట్టింగ్ ఉంది: రిఫరెన్స్‌తో పోలిస్తే 1.77, 3, 4.77, 6 డీబీల చొప్పున దించొచ్చు. మన లెక్కలో దించాల్సింది 5.2 డీబీ, కాబట్టి 4.77 పెట్టు. ఇది ఏ ఫోన్‌కి ఆ ఫోన్‌కి విడిగా పెట్టే సెట్టింగ్. దగ్గరి బ్లాకుల వాళ్లకి దించు, చివరన ఉన్నవాళ్లకి ఉన్నది ఉన్నట్టు వదిలెయ్. వాళ్లకి ఆ 20 డీబీ ఎప్పుడూ రాదు.

ఒకసారి పెట్టేసి మర్చిపోయే పని కూడా కాదు. పగలు గచ్చిబౌలి ఆఫీసులు నిండి ఉన్నప్పుడు డోనర్ సెల్ తన సొంత యూజర్లకే చాలక సతమతమవుతుంది, నీ రిలేకి మిగిలేది కొంచెమే. రాత్రి 8 దాటాక డోనర్‌కి ఊపిరి ఆడుతుంది, సరిగ్గా అప్పుడే అపార్ట్‌మెంట్లలో అందరూ నెట్ మీద పడతారు. పగటికి సరిపోయిన పవర్ రాత్రికి సరిపోదు. పెంచేటప్పుడు త్వరగా పెంచు, దించేటప్పుడు నిదానంగా దించు. ఎక్కువ దించితే నీ యూజర్ వెంటనే నష్టపోతాడు. పైగా ప్రతి మార్పూ ఫోన్‌కి మెసేజ్‌గా వెళ్లాలి, కాబట్టి చిన్న చిన్న ఊగిసలాటలకి కదలనివ్వకు. రేపు 5జీలో 26 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద బ్యాక్‌హాల్ తెస్తే, వానకి ఆ సిగ్నల్ తగ్గుతుంది కాబట్టి వానాకాలం కూడా లెక్కలోకి వస్తుంది.

బ్యాక్‌హాల్‌కి వేరే ఫ్రీక్వెన్సీ ఉందని రాశావు, కాబట్టి పై లెక్క నీకు వర్తిస్తుంది. రెండు వైపులా ఒకే ఫ్రీక్వెన్సీ అయితే ముందు సమయం పంపకం చూడాలి. అలాంటి రిలేకి ఎల్‌టీఈ ఫ్రేమ్‌లోని 10 సబ్‌ఫ్రేముల్లో (చిన్న సమయపు ముక్కల్లో) 6 దాకా బ్యాక్‌హాల్‌కి ఇవ్వొచ్చు. ఫోన్ల వైపు మిగులు ఉంటే ఆ సమయం బ్యాక్‌హాల్‌కి ఇస్తే స్పీడే పెరుగుతుంది. పవర్ సంగతి ఆ తర్వాత.

ఇక కంప్లైంట్లు నిజంగా తగ్గాలంటే పని వేరే చోట ఉంది బిడ్డా. నువ్వు పంపిన ఫోటోలో డోనర్ వైపు యాంటెన్నా వాటర్ ట్యాంక్ వెనక ఉంది, మధ్యలో గుట్ట అంచు కూడా అడ్డం. దాన్ని ట్యాంక్ మీదికి ఎక్కించి డోనర్‌కి సూటిగా తిప్పించు. బ్యాక్‌హాల్ 40 దాటితే అప్పుడు పవర్ పెంచమన్నా అర్థం ఉంటుంది.

పైవాళ్లతో వాదన పెట్టుకోకు. బిజీ అవర్‌లో ఒక రోజు ఫుల్ పవర్‌తో, ఒక రోజు తగ్గించి డ్రైవ్ టెస్ట్ (తిరుగుతూ సిగ్నల్, స్పీడ్ కొలవడం) చేయించు. నీ అపార్ట్‌మెంట్లలో స్పీడ్ ఎంతుందో, పక్క సెల్‌లో ఎంతుందో పక్కపక్కన పెట్టి చూపించు. ఆ లాగ్‌లు ఆదివారం ఇంటికి పట్టుకురా, కూర్చుని చూద్దాం.

మామయ్య