పదకొండో పాయింటు దగ్గర ఎవరి మాట వినాలి?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా బాబుకి 11 ఏళ్లు. షటిల్ బాగా ఆడతాడు గానీ, ఎంత చెప్పినా చెవికెక్కించుకోడని కోచ్ గారు అంటారు. విరామంలో ఆయన మాట్లాడుతుంటే వీడు గ్యాలరీలో ఉన్న వాళ్ల నాన్న మొహం చూస్తుంటాడు. మావారేమో, బ్యాడ్మింటన్ స్టార్ సాత్విక్ సాయిరాజ్‌లా అవ్వాలంటే ఇలాగేనా అని బండి మీద ఇంటిదాకా తిడుతూనే ఉంటారు. ఈమధ్య ఉదయం 5 గంటలకి ప్రాక్టీసుకి లేపితే కడుపునొప్పి అంటున్నాడు.

జవాబు: అమ్మా, వాళ్ల నాన్న మొహం చూస్తుంటాడన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఎవరో ఒకరు 11 పాయింట్లకు చేరగానే ఇచ్చే విరామం 60 సెకన్లు. అందులోనే చెమట తుడుచుకోవాలి, నీళ్లు తాగాలి, ఊపిరి కుదుటపడాలి. మిగిలిన కాసేపట్లో ఒక్క మాట బుర్రకెక్కితే గొప్ప. అప్పుడు కూడా నాన్నకి కోపం వచ్చిందా లేదా అని వెతుక్కుంటున్నాడంటే అది పరధ్యానం కాదమ్మా, భయం.

ఈ జవాబు మీవారి చేతికివ్వండి. అయ్యా, కొడుకు మీద ఆశ ఉండబట్టే తెల్లారకుండా బండి తీస్తున్నారు. ఒక్క నెల మాత్రం గ్యాలరీలో నోరు మెదపకండి. దారిలో ఆట ఊసెత్తకండి. ఆకలేస్తోందా అని అడగండి, చాలు. సాత్విక్ ఆడేది డబుల్స్, అంటే ఇద్దరు జోడీగా ఆడే ఆట. వాళ్ల మ్యాచ్ ఒకటి బాబుతో కలిసి చూడండి. పాయింటుకీ పాయింటుకీ మధ్య సాత్విక్, అతని జోడీ చిరాగ్ ఎలా దగ్గరికొచ్చి మాట్లాడుకుంటారో వాణ్నే కనిపెట్టి చెప్పమనండి.

కోచ్ గారిని కూడా కలవండి. విరామంలో ఒకే విషయం, చిన్న ముక్కలో చెప్పమనండి. 'అర్థమైందా?' అంటే ఏ పిల్లాడైనా తలూపుతాడు. 'ఇప్పుడేం చేస్తావు?' అని వాడి నోటితో చెప్పించాలి. ఇంట్లో మీరూ అంతే, కొట్టుకి పంపేటప్పుడు మూడు సరుకులు ఒక్కసారే చెప్పి, తిరిగి అప్పజెప్పించుకోండి.

ఒకసారి చెవులూ చూపించండి. కాలవలో ఈత కొట్టే పిల్లలకి గుబిలి నాని ఉబ్బితే నిజంగానే సరిగ్గా వినపడదు. ఈ వయసుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి, కాబట్టి 5కి లేచేవాడు రాత్రి 8కల్లా పక్క ఎక్కాల్సిందే.

కడుపునొప్పిని నాటకం అనుకోవద్దు. పది రోజుల్లో తగ్గకపోతే పిల్లల డాక్టరుకి చూపించండి. నెల తర్వాత నాకు మళ్లీ రాయండి. ఈసారి బాబు చేత కూడా రెండు ముక్కలు రాయించండి.