ఏప్రిల్ రిటర్నులు, రామనవమి పందిరి

ఎండాకాలం కచేరీల గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో రాగాల సందేహాల కంటే ఆఫీసు గడువుల గోడే ఎక్కువగా ఉంది. వాటిలో ఐదింటికి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పని చేస్తాను. నలభై మంది క్లయింట్ల జీఎస్టీ, టీడీఎస్ నా మీదే ఉంటాయి. బెంగళూరు కోట హైస్కూలు మైదానంలో జరిగే రామనవమి సంగీతోత్సవానికి ఒక్కసారైనా వెళ్లాలని కోరిక. ఏప్రిల్‌లో సెలవు అడగాలంటే మొహం చెల్లడం లేదు. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు

మీకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. చామరాజపేటకు చెందిన శ్రీరామసేవా మండలి 1939 నుంచి జరుపుతున్న ఈ ఉత్సవం నవమి నాటితో అయిపోదు, సుమారు నెల రోజులు నడుస్తుంది. అందుకని ముందు మీ గడువుల కాగితం తీయండి. ఎవరి కచేరీ ఏ రోజో తర్వాత చూసుకోవచ్చు.

ఏప్రిల్‌లో మీ తేదీలు ఇవి. 10న వృత్తి పన్ను, 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 14న 2బీ (కొనుగోళ్ల మీద కట్టిన పన్నులో తిరిగి పొందగలిగేది చూపే పట్టిక) వస్తుంది, 15న పీఎఫ్, ఈఎస్ఐ, 20న 3బీ (పన్ను కట్టే నెలసరి రిటర్ను), 30న మార్చి టీడీఎస్ జమ. వీటి మధ్య ఊపిరాడే చోట్లు రెండే. 12, 13 తేదీల సాయంత్రాలు మొదటిది. కానీ ఊరు దాటి వెళ్లి రావడానికి అది చాలదు. రెండోది 21 నుంచి 26 దాకా. మీ బెంగళూరు ప్రయాణం ఈ రెండో దాంట్లోనే పెట్టుకోండి. శ్రీరామనవమి మార్చి నెలాఖరులో వచ్చిన ఏడు మాత్రం జాగ్రత్త. ఉత్సవం ముందే మొదలవుతుంది కాబట్టి ముందే ముగుస్తుంది. మండలి కార్యక్రమాల పట్టిక చూశాకే టికెట్టు కొనండి. రైలు రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు. అంటే 21వ తేదీ రాత్రి బండికి ఫిబ్రవరి మూడో వారంలోనే చేయి వేయాలి.

ఈ లెక్క చెడేది సాధారణంగా ఒకే చోట: బిల్లులు ఆలస్యంగా రావడం. క్లయింటు తొమ్మిదో తేదీ రాత్రి అట్టపెట్టెడు బిల్లులు తెచ్చి బల్ల మీద పెడతాడు. పదకొండున అమ్మకాలు ఎలాగో ఎక్కిస్తారు. అసలు తలనొప్పి 14 తర్వాత. ఒక సప్లయరు తన జీఎస్టీఆర్-1 పదకొండు దాటాక వేస్తే అతని బిల్లు మీ క్లయింటు ఆ నెల 2బీలో కనబడదు. అప్పుడు 18, 19 తేదీల్లో ఫోన్లు, వాదనలు, మీ ప్రయాణం రద్దు. దీనికి మందు మార్చి 25 నాడే వేయాలి. ప్రతి క్లయింటుకూ "ఏప్రిల్ 5లోగా బిల్లులు" అని వాట్సాప్‌లో రాసి పెట్టండి. పెద్ద మొత్తాలు ఉండే పదిమంది సప్లయర్ల పేర్లు విడిగా తీసి, ఏప్రిల్ 8న వాళ్లకే ఫోను చేయించండి. నలభై మందినీ వెంటపడక్కర్లేదు.

ఇంకో చిన్న సంగతి, ఎందరివో ప్రయాణాలు చెడగొట్టింది. ఓటీపీతో ఫైల్ చేసే రిటర్నుకు ఆ ఓటీపీ క్లయింటు ఫోనుకు వస్తుంది. 20వ తేదీ రాత్రి పదకొండింటికి ఆయన నిద్రపోతుంటాడు. కంపెనీలకైతే డిజిటల్ సంతకం ఉన్న టోకెన్ కావాలి, అది ఏ బీరువాలోనో ఉంటుంది. అందుకని 3బీలను 18 సాయంత్రానికే ముగించేలా పెట్టుకుని, సంతకాల టోకెన్లు ఏ సొరుగులో ఉన్నాయో సహోద్యోగికి కాగితం మీద రాసివ్వండి. ఒక రోజు ఆలస్యమైతే పన్ను ఉన్న రిటర్నుకు రోజుకు రూ. 50 రుసుము, కట్టని పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. సెలవు అడిగేటప్పుడు ఆడిటర్ గారి ముందు ఈ ఏర్పాట్ల కాగితమే పెట్టండి. సంగీతం మీద ప్రేమ గురించి చెప్పడం కంటే అది త్వరగా పని చేస్తుంది.

అక్కడికి వెళ్లాక ఒక మాట. కృష్ణరాజేంద్ర మార్కెట్ మెట్రో స్టేషన్ నుంచి మైదానం దగ్గరే. చివరి రైలు వేళ వెళ్లేటప్పుడే చూసుకోండి.

ప్రశ్న: మా ఊళ్లోనే కచేరీలు జరుగుతాయి. కానీ ఆఫీసు వదిలేసరికి ఏడు దాటుతుంది. సగంలో వెళ్లడం మర్యాద కాదేమోనని మానేస్తున్నాను. – కాకినాడ నుంచి

మానకండి. మూడు గంటల కర్ణాటక కచేరీలో మొదటి గంట వర్ణానికీ, చిన్న కీర్తనలకూ పోతుంది. ఆ రోజు ప్రధానంగా ఎంచుకున్న కృతి సాధారణంగా గంటంబావు, గంటన్నర మధ్య మొదలవుతుంది. దాని చివర తనియావర్తనం, అంటే తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం. రాగం తానం పల్లవి ఉంటే అది కూడా రెండో సగంలోనే. ఆరున్నరకు మొదలైన కచేరీకి మీరు ఏడు నలభైకి చేరినా గుండెకాయ మీకు దక్కినట్టే.

మర్యాద ఉన్నది ఎప్పుడు లోపలికి నడుస్తారు అన్న దాంట్లో. ఆలాపన నడుస్తుండగా వరసల మధ్యకు దూరకండి. కృతి ముగిసి చప్పట్లు పడుతున్నప్పుడు వెళ్లి అంచు కుర్చీలో కూర్చోండి. తనియావర్తనం మొదలవగానే లేచిపోయే అలవాటు చాలామందికి ఉంది. మృదంగం, ఘటం వాయించేవాళ్లకు ఆ సాయంత్రం మొత్తంలో సొంతంగా దొరికేది ఆ పది, ఇరవై నిమిషాలే. వెళ్లక తప్పకపోతే తని మొదలుకాకముందే వెళ్లిపోండి.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్. గచ్చిబౌలిలో శనివారం రాక్ కచేరీకి టికెట్లు కొన్నాక చూస్తే ఆ వారమే నా ఆన్‌కాల్ (సిస్టమ్‌లో ఏది చెడినా వెంటనే చూడాల్సిన డ్యూటీ). లాప్‌టాప్ వెంట తీసుకెళ్తే సరిపోతుందా?

సరిపోదు. ఇరవై, ముప్పై వేల మంది ఒక్కచోట చేరి ఒకేసారి వీడియోలు పంపుతుంటే ఫోనులో సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, డేటా మాత్రం కదలదు. మీ హాట్‌స్పాట్ మీద వీపీఎన్ నిలబడదు. పైగా పెద్ద లాప్‌టాప్ సంచిని గేటు దగ్గరే ఆపేయవచ్చు.

వారం మొత్తం మార్చుకోమని ఎవరినీ అడగకండి, అది బరువైన కోరిక. శనివారం సాయంత్రం 5 నుంచి అర్ధరాత్రి 1 దాకా ఎనిమిది గంటలు మాత్రం అడగండి. బదులుగా ఆ సహోద్యోగి వచ్చే డ్యూటీలో ఒక ఆదివారం పగలు మీరు తీసుకోండి. కనీసం పది రోజుల ముందు ఖాయం చేసుకోవాలి. మార్పును షెడ్యూల్‌లో ఎక్కించేటప్పుడు టైమ్‌జోన్ తప్పకుండా చూడండి. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. 17:00 అని కొట్టినప్పుడు అక్కడ యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక వేళ) ఉంటే మీ మార్పు మన వేళ ప్రకారం రాత్రి పదిన్నరకు మొదలవుతుంది. ఈలోపు అలర్టులన్నీ మీ జేబులోనే మోగుతాయి. ఐదుంబావుకు ఒక పరీక్ష అలర్టు పంపి, అది సహోద్యోగి ఫోనులో మోగిందని విన్నాకే బయల్దేరండి.

ఆయనకు ఇచ్చే నోటు అయిదారు వరుసలు చాలు: గత 48 గంటల్లో ఏం డిప్లాయ్ అయింది, దాన్ని వెనక్కి తీసే కమాండ్ ఏమిటి, పదే పదే వచ్చే ఏ అలర్టును పట్టించుకోనక్కర్లేదు, డేటాబేస్ పడితే ఎవరికి ఫోను చేయాలి. శుక్రవారం మధ్యాహ్నం తర్వాత మీ చేతి మీదుగా కొత్త రిలీజ్ ఏదీ వెళ్లనివ్వకండి. మీరు వదిలిన మార్పు ఇంకొకరి శనివారాన్ని తినకూడదు కదా.

ఉత్తరం చివర చెవుల్లో హోరు గురించి కూడా అడిగారు. రాక్ కచేరీల్లో స్పీకర్ల దగ్గర శబ్దం 100 డెసిబెల్స్ చేరడం మామూలే. పని చోట్లకు అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియాష్ పెట్టిన హద్దు 85 డెసిబెల్స్ వద్ద 8 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు ఆ వేళ సగం అవుతుంది. 100 దగ్గర అది 15 నిమిషాలే. మందుల షాపులో దొరికే స్పాంజి ఇయర్‌ప్లగ్‌ను వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి, దూర్చి అరనిమిషం పట్టుకోండి. లోపల ఉబ్బి బిగుసుకుంటుంది. ఊరికే నొక్కి వదిలితే సగం పనే చేస్తుంది. మర్నాడు కూడా హోరు తగ్గకపోతే చెవి డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: బ్యాంకులో పని చేస్తాను. ఏప్రిల్‌లో శాఖ ఆడిట్ జరుగుతుండగానే విశాఖలో ఒక గుడిలో నా వీణ కచేరీ. ఉదయమే వీణ కారులో పెట్టుకుని ఆఫీసుకు వెళ్లి, అక్కడి నుంచి నేరుగా గుడికి వెళ్దామని ఆలోచన. సాధనకు కూడా వేళ దొరకడం లేదు.

అమ్మా, వీణను కారులో మాత్రం వదలకండి. ఎండలో నిలిపిన కారు లోపల గంటలోనే బయటి కంటే ఇరవై డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. వీణ మెట్లు ఇరవై నాలుగూ నిలబడేది మైనం మీద. తేనెమైనం 62 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మెత్తబడటం అంతకు ఎంతో ముందే మొదలవుతుంది. సాయంత్రం పెట్టె తెరిస్తే మెట్లు పడిపోయి ఉండవు, చూడ్డానికి బాగానే ఉంటాయి. తీగ ఒత్తిడికి ఒకటి రెండు వెంట్రుకవాసి ఒరిగి ఉంటాయి. శ్రుతి చేసిన తీగ గాంధారం దగ్గర అపస్వరం పలుకుతుంది. అప్పటికప్పుడు మేళం కట్టించడం, అంటే మెట్లను మైనంలో మళ్లీ అమర్పించడం, జరిగే పని కాదు.

మేనేజరు గారిని అడిగి శాఖ లోపలే ఒక గదిలో పెట్టించండి, ఏసీ గాలి నేరుగా తగలని మూల. లేదా ఇంట్లోనే ఉంచి, సాయంత్రం ఎవరినైనా గుడికి తెమ్మనండి. చేరాక పెట్టె మూత తీసి అరగంట వదిలాకే శ్రుతి చేయండి. చల్లటి గదిలోంచి ఉక్కపోతలోకి వచ్చిన లోహపు తీగ సాగి శ్రుతి దిగుతుంది. వెంటనే బిగిస్తే పావుగంటలో మళ్లీ మారుతుంది. మొదట సారణి తీగను (ప్రధానంగా వాయించే మొదటి తీగ) విడిగా, తర్వాత పన్నెండో మెట్టు మీద మీటి పోల్చుకోండి. రెండూ ఒకే స్వరం, ఒక స్థాయి తేడాతో పలకాలి.

సాధన సంగతి. ఆడిట్ వారంలో కొత్త కృతి ముట్టుకోకండి. గంటన్నర కచేరీకి మీ చేతిలో నలిగిన ఆరు అంశాలు చాలు. ఉదయం పాతిక నిమిషాలు రోజూ వాయించండి. వారమంతా మానేసి శనివారం మూడు గంటలు కూర్చుంటే ఎడమచేతి వేళ్ల కొసలు కోసుకుపోతాయి, ఆదివారం గమకం లాగలేరు. మృదంగం వాయించేవారితో ముందే కూర్చునే వీలు లేకపోతే ప్రతి కృతికీ తాళం, ఎత్తుగడ (పాట తాళంలో ఎక్కడ మొదలవుతుందో), నడక, తని ఎక్కడిస్తారో నాలుగు ముక్కలు రాసి పంపండి. ప్రధాన కృతి పల్లవి ఒకటి ఫోనులో రికార్డు చేసి జత చేస్తే ఇంకా మేలు.

ప్రశ్న: వరంగల్‌లో జూనియర్ లెక్చరర్‌ని. వారణాసి సంకట మోచన్ గుడిలో రాత్రంతా జరిగే సంగీత సమారోహ్ వినాలని ఉంది. స్పాట్ వాల్యుయేషన్ (పరీక్ష జవాబు పత్రాలు దిద్దే డ్యూటీ) దాటితే వెళ్లాలి. తిరిగొచ్చిన మర్నాడే డ్యూటీలో చేరాలి.

1923 నుంచి జరుగుతున్న ఈ ఉత్సవం చైత్ర పున్నమి నాటి హనుమజ్జయంతితో ముడిపడి ఉంటుంది. ఆంధ్రలో చేసుకునే వైశాఖ బహుళ దశమిని బట్టి లెక్క వేస్తే నెల తప్పుతారు. ఈమధ్య ఆరు రాత్రులు జరుపుతున్నారు, ప్రవేశం ఉచితం. స్పాట్ నుంచి ఎప్పుడు రిలీవ్ చేస్తారో మీ చేతిలో లేదు కాబట్టి చివరి రెండు రాత్రులకే ప్రయాణం పెట్టుకోండి.

రెండు రాత్రులూ తెల్లవార్లూ కూర్చుంటే మూడో రోజు రైల్లో పడి నిద్రపోవడం తప్ప మిగిలేది లేదు. రాత్రి తొమ్మిదికే పడుకుని రెండున్నరకు లేచి, మూడింటికి గుడికి వెళ్లండి. రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకర్ల మీద ఆంక్షలున్నందున మన నగరాల్లో హిందుస్తానీ కచేరీలు అంతకు ముందే ముగుస్తాయి. అందువల్ల లలిత్, భటియార్, అహీర్ భైరవ్ లాంటి రాగాలను వాటి సొంత వేళలో, చీకటి విడిపోతుండగా వినే అవకాశం దాదాపు దొరకదు. అక్కడ దొరుకుతుంది. ఆరున్నరకు బయటికొచ్చి, ఎండ ముదరకముందే గదికి చేరి మళ్లీ రెండు గంటలు పడుకోండి. మధ్యాహ్నం మూడు తర్వాత టీ తాగితే ఆ రాత్రి తొమ్మిదికి నిద్ర పట్టదు. కాశీలో అది కష్టమే, అయినా మానండి.