స్టాటిస్టిక్స్ వాళ్లనీ ఖగోళ శాస్త్రవేత్తలనీ ఒకచోట చేరిస్తే నిజంగా లాభం ఉంటుందా?

ఉంటుంది. కాకపోతే వేదిక మీద కాదు, ఒకే డేటా ముందు కూర్చోబెట్టాలి. భీమవరం వైపు డిగ్రీ పిల్లలకి ఇరవై రెండేళ్లు స్టాటిస్టిక్స్ చెప్పాను. ఈ సంగతి నాకు రొయ్యల చెరువు దగ్గర తెలిసింది.

ఓ సంక్రాంతికి అక్కావాళ్లింటికి వెళ్తే, బావగారు చెరువు నీటి లెక్కల పుస్తకం ఇచ్చి కంప్యూటర్లోకి ఎక్కించమన్నారు. అమ్మోనియా దగ్గర చాలా రోజులకి "0.1 కన్నా తక్కువ" అని ఉంది. నేను టకటకా సున్నాలు కొట్టేస్తున్నాను. మేనల్లుడు ఖగోళశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. అరిసె నములుతూ వెనక నిలబడి, "సున్నా ఎందుకు మావయ్యా? లేదని కాదుగా, పరీక్షకి అందలేదని" అన్నాడు. టెలిస్కోపుకి అందనంత మసక నక్షత్రం వెలుగుకి వాళ్లు "ఇంతకన్నా తక్కువే" అని హద్దు రాస్తారట, దాన్ని అప్పర్ లిమిట్ అంటారట, గ్రాఫులో కిందికి బాణం గుర్తు పెడతారట.

సిగ్గేసింది. అది మా సెన్సార్డ్ డేటాయే, అంటే అసలు విలువ తెలీక ఒక హద్దు మాత్రమే తెలిసిన డేటా! మందు వాడాక ఇంకా బతికే ఉన్న రోగిని లెక్కలోంచి తీసెయ్యకూడదని, సర్వైవల్ ఎనాలిసిస్ పేరుతో ఏటా బోర్డు మీద రాసేది నేనే. "సర్వైవలా? పేరు వింటే ఆసుపత్రి పాఠమనుకుంటాం కదా" అన్నాడు వాడు. అసలు గొడవంతా పేర్లదే. ఇలాంటి డేటాని లెక్కలోకి తెచ్చే కాప్లాన్, మేయర్ల పద్ధతి 1958లో వచ్చింది. దాన్ని ఖగోళానికి ఎలా వాడాలో ఖగోళ శాస్త్రవేత్త ఫీగెల్సన్, ఆయనతో నెల్సన్ వివరంగా రాసింది 1985లో. ఆ ఫీగెల్సనే స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్ జోగేష్ బాబుతో కలిసి 1991 నుంచి అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీలో రెండు వర్గాలకీ సదస్సులు పెట్టించాడు. గణిత శాస్త్రవేత్త గౌస్ కాలంలో ఈ రెండు శాస్త్రాల మధ్య గోడే లేదు. 1801లో కనపడి మాయమైన సెరిస్ అనే మరుగుజ్జు గ్రహం మళ్లీ ఎక్కడ తేలుతుందో లెక్కేసి చెప్పింది ఆయనే.

మన సెమినార్లంటారా, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ముఖ్య అతిథి ఆలస్యం. అసలు చర్చ భోజనాలయ్యాక, సగం కుర్చీలు ఖాళీ అయ్యాక. ఒకచోట పాపం ఖగోళ శాస్త్రవేత్తని "జ్యోతిషంలో దిట్ట" అని పరిచయం చేశారు. ఆయన దిగేసరికి ఇద్దరు జాతకాలతో రెడీ.

ఆ రోజు మేమిద్దరం గంటసేపు వాదించుకుని, సున్నాల బదులు "0.1 కన్నా తక్కువ" అన్న హద్దునే లెక్కలోకి తీసుకుని సగటు మళ్లీ కట్టాం. పెరిగింది. బావగారికి చూపించి, "మీ పుస్తకంలో తప్పు దిద్దాం" అన్నాను.

"నా పుస్తకంలో తప్పేముందయ్యా? ల్యాబువాళ్లు ఎలా ఇస్తే అలాగే రాశాను. సున్నాలేసింది నువ్వేగా" అన్నారు.