పాయింటు పట్టే లాబ్రడార్‌ను శిక్షకుడికి అప్పగించే ముందు

మీ పది నెలల లాబ్రడార్ వేట కుక్క పిట్ట వాసన తగలగానే రెండు మూడు క్షణాలు కొయ్యబారి నిలబడి (దీన్నే ‘పాయింటు’ పట్టడం అంటారు), ఆ వెంటనే పొదలోకి దూకేస్తోందన్నారు. వృత్తి శిక్షకుడి దగ్గర ఉంచితే ఆ నిలకడ పెరుగుతుందా, లేక పిట్టను తెచ్చివ్వడం నేర్పేసరికి ఉన్నది కూడా పోతుందా అని మీ ప్రశ్న. రెండూ జరగవచ్చు. మా నల్ల కుక్క విషయంలో రెండూ జరిగాయి, ముందుగా రెండవదే.

మేము మొదట అప్పగించిన శిక్షకుడికి నీటి బాతులను తెచ్చే కుక్కలను తయారుచేయడంలో మంచి చేయి ఉంది. మా కుక్క పిట్టల మీదికి దూకుతోందని చూసి, పిట్ట ముందే ‘వో’ (ఆగు) అని అరిచి, కదిలితే మెడకు షాక్ ఇచ్చే ఎలక్ట్రానిక్ కాలర్ మీట నొక్కాడు. ఆరు వారాల తరువాత చూడటానికి వెళ్లాను. పొద దగ్గరకు రాగానే దాని ముక్కు ఒక్కసారి అటు తిరిగింది. వాసన అందిందని నాకు స్పష్టంగా తెలిసింది. మరుక్షణం తల పక్కకు తిప్పుకొని, అక్కడేమీ లేనట్టు గడ్డి వాసన చూసుకుంటూ వెళ్లిపోయింది. దీన్ని ‘బ్లింకింగ్’ అంటారు. పిట్ట ఉన్నచోట మెడకు బాధ కలుగుతుందని దానికి లెక్క కుదిరింది. అతను క్రూరుడేమీ కాదు, తనకు తెలిసిన పద్ధతినే వాడాడు. ముందే అడగకపోవడం నా తప్పు.

పాయింటు అనేది మనం నేర్పే విద్య కాదు. దూకబోయే ముందు జంతువు ఒక్క క్షణం ఆగుతుంది చూడండి, పిల్లి కూడా ఆగుతుంది. పాయింటర్, సెటర్ వంటి జాతుల్లో తరతరాల ఎంపికతో ఆ క్షణాన్ని సాగదీశారు. లాబ్రడార్ పూర్వీకులు న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలరుల వెంట తిరిగిన నీటి కుక్కలు. బ్రిటన్‌లో వాటిని పెంచినవారికి కావలసింది పడిన పిట్టను తెచ్చే పని. అందుకే ఈ జాతిలో పాయింటు కొన్ని వంశాల్లోనే కనిపిస్తుంది. దానికోసమే అమెరికాలో కొందరు ఎంచి పెంచుతున్నారు. అది మీ కుక్క రక్తంలో ఉందని ఆ రెండు మూడు క్షణాలే చెబుతున్నాయి. ఇక మిగిలింది వాటిని పొడిగించడం.

రెండవ శిక్షకుడు ముందుగా కాలర్ తీసి పక్కన పడేశాడు. మొదటి రెండు వారాలు కుక్కతో ఒక్క ఆజ్ఞ కూడా పలకలేదు. రిమోట్‌తో తెరుచుకునే పెట్టెలో పావురాన్ని ఉంచి, పెట్టెను గడ్డిలో దాచేవాడు. కుక్కకు పొడవాటి తాడు కట్టి గాలికి అడ్డంగా నడిపించేవాడు. ఒక రోజు దగ్గరుండి చూశాను. నడుస్తున్న కుక్క తల, ఎవరో దారంతో లాగినట్టు, టక్కున పక్కకు తిరిగింది. ముందుకాలు ఒకటి గాలిలోనే ఉండిపోయింది, తోక బిగుసుకుంది. తరువాత ఒక అడుగు, ఒకే ఒక్క అడుగు, ముందుకు వేసింది. పెట్టె తెరుచుకుంది, పావురం ఎగిరిపోయింది. ఎవరూ తిట్టలేదు, తుపాకీ పేలలేదు. కుక్క కాసేపు వెంటపడి, నాలుక వేలాడేసుకొని తిరిగి వచ్చింది. కొన్ని రోజుల తరువాత అదే పొలంలో అది నిలబడితే నేను ఊపిరి బిగబట్టి ఇరవై లెక్కపెట్టాను. కదలలేదు. ముందుకు వెళితే పిట్ట పోతుందని పావురమే నేర్పింది, మనిషి నోరు మూసుకుని ఉన్నాడంతే.

ఈ దశలో కుక్క ఒక్క పిట్టను కూడా నోటితో పట్టుకోకూడదు. పంజరంలో పెరిగి సరిగా ఎగరలేని పిట్టలను వాడే చోట ఈ ప్రమాదం ఎక్కువ. ఒకసారి దొరికిందంటే మళ్లీ మొదటికి వస్తారు.

తెచ్చివ్వడం పాయింటును చెడగొడుతుందన్న భయంలో కొంత నిజం ఉంది. తన ముందు పడిన ప్రతి పిట్టా తనదేనని రిట్రీవర్, అంటే లాబ్రడార్ వంటి తెచ్చిచ్చే కుక్క, నమ్ముతుంది. అందుకే మా శిక్షకుడు కుక్క స్థిరంగా నిలబడితేనే ఆ పిట్టను కాల్చేవాడు. అది లేపిన పిట్టను ఎంత సులువుగా అందినా వదిలేసేవాడు. తెచ్చివ్వడం నేర్పడానికి పిట్టకు బదులు వాడే డమ్మీలు విసరడం వేరే పొలంలో, వేరే రోజు. ఇంకో చిక్కు ఈల. రిట్రీవర్‌కు ఈల వినగానే కూర్చోవడం నేర్పుతారు. పాయింటులో ఉన్నప్పుడు ఒత్తిడి పెడితే అదే అలవాటు బయటికి వచ్చి కూర్చుండిపోతుంది. నిలబడి ఉండటానికి వేరే మాట కావాలి, దాన్ని పిట్టలకు దూరంగా, పెరట్లో బల్ల మీద నిలబెట్టి నేర్పాలి. మాది ఇప్పటికీ నా గొంతు కాస్త బిగిస్తే చాలు, పిట్ట ముందు మర్యాదగా కూర్చుంటుంది.

తుపాకీ చప్పుడు అలవాటు చేయడం అందరికీ తెలిసిందే: కుక్క పిట్ట వెంట పరుగెడుతుండగా, దూరం నుంచి గుండు లేని, చప్పుడు మాత్రమే చేసే తూటాతో మొదలుపెట్టి, రోజులు గడిచేకొద్దీ దగ్గరకు రావాలి. పావురాలతోనే శిక్షణ ముగియదు. క్వెయిల్ అనే చిన్న పిట్ట పొదలో అణగి కూర్చుంటుంది కానీ ఫెజంట్ అనే పెద్ద పిట్ట నేల మీద పరుగు తీస్తుంది. అప్పుడు కుక్క పాయింటు వదిలి, జాగ్రత్తగా కదిలి, మళ్లీ నిలబడగలగాలి.

శిక్షకుణ్ణి ఎంచేటప్పుడు బహుమతుల గురించి అడగకండి. పావురాలు ఎన్ని ఉన్నాయి, కాలర్ ఏ దశలో వాడతారు, చెప్పకుండా వచ్చి చూడవచ్చా అని అడగండి. మూడవ ప్రశ్నకు తడబడేవారిని నేనైతే వదిలేస్తాను. డబ్బు కట్టే ముందు తుంటి ఎక్స్‌రే, గట్టిగా పరుగెత్తినప్పుడు కుప్పకూలిపోయే ఈఐసీ అనే జన్యు లోపానికి పరీక్ష చేయించండి.

పది నెలలకు ఆలస్యమేమీ కాలేదు. మంచి శిక్షకుడు దొరికేదాకా పిట్టలున్న చోట దాన్ని తాడు లేకుండా వదలకండి, విసిరే డమ్మీలను కొన్నాళ్లు అటక మీద పెట్టేయండి.